కత్తిరించిన పాట

మొన్న మా అమ్మాయి ప్రొద్దుటూరు వచ్చినప్పుడు నా ఫోన్‌లో పాటల యాప్ ఒకటి పెట్టి వెళ్లింది. నెలనెలా డబ్బు కడితే చాలు, లోకంలోని పాటలన్నీ మనవేనట. "కట్టడం మానేస్తే పోతాయి గదా, ఇంక మనవి ఎట్లయితాయి?" అన్నాను. సొంతిల్లు అమ్ముకుని బాడుగింట్లో చేరినట్టు అనిపించింది నాకు. మా నాన్న కొన్న క్యాసెట్లన్నీ ఇప్పటికీ చెక్క బీరువాలో ఉన్నాయి. ప్రతి డబ్బా మీదా బడిపంతులు దస్తూరీతో ఆయన అతికించిన చీటీ ఉంటుంది. టేప్ రికార్డర్ బెల్టు తెగిపోయి మాత్రం చాలా కాలమైంది. ఆఖరిసారి అడిగిన మెకానిక్ నన్ను ఎగాదిగా చూసి, "ఇంగా దీన్నే వాడతాండావా సార్?" అని జాలిపడ్డాడు. దాంతో పౌరుషం చంపుకుని యాప్‌కు ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, చిన్నప్పుడు మా ఇంట్లో అరిగిపోయేదాకా తిప్పిన ఒక సినిమా పాటలు పెట్టాను. పక్కన మా మేనత్త చేటలో శనక్కాయలు ఒలుస్తోంది. ఆమె నాన్నకు చెల్లెలు. నేను హైస్కూలుకు వెళ్లకముందే పుట్టింటికి వచ్చేసింది, అప్పటినుంచీ మాతోనే ఉంది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆ కాలం గురించి కాస్త చెప్పాలి. మా వైపు ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులుంటే రెండు పార్టీలు ఉన్నట్టే. నీ పొలం ఎవరి పొలం పక్కన ఉందో, నువ్వు ఎవరి బావిలో నీళ్లు తోడుకుంటావో దాన్నిబట్టి నీ పార్టీ నీకంటే ముందే పుట్టి ఉండేది. అత్తనిచ్చింది జమ్మలమడుగు దగ్గరి పల్లెలో. మామ మహా నెమ్మదస్తుడు, ఇంట్లో కోడిని కోయాలన్నా పక్కింటాయన్ను పిలిచే మనిషి. అలాంటివాణ్ణి ఆయన వైపు పెద్దమనిషి ఓట్ల రోజు బూత్‌లో ఏజెంటుగా కూర్చోబెట్టాడు. అవతలివాళ్లు వచ్చి లేచిపొమ్మన్నారు. మామ లేవలేదు. తర్వాత నాన్న కోప్పడితే, "కూచ్చోమన్యారు, కూచ్చున్యా. మద్దెలో ఎట్ల లేచ్చా బావా?" అన్నాడు. ఆయనకు తెలిసిన రాజకీయం అంతే.

కొన్నాళ్లకు అత్తా మామా పులివెందులలో చుట్టాల పెళ్లికి వెళ్లి, పట్టపగలు బస్సులో తిరిగి వస్తున్నారు. అది ప్రైవేటు బస్సు, డ్రైవర్ నెత్తిన టేప్ రికార్డర్ మోగుతోంది. దారిలో కల్వర్టు దగ్గర కొందరు బస్సు ఆపారు. ఒకడు పైకెక్కి, "మామా, దిగు. నీతో మాట్లాడేది ఉంది" అన్నాడు. నిజంగానే వరసకు అల్లుడయ్యేవాడు. మామ చెప్పులు వేసుకుని దిగాడు. అత్త లేవబోతే, బాంబుల సంచితో బస్సు తలుపు దగ్గర నిలబడినవాడు "కూచ్చోమ్మా" అన్నాడట. డ్రైవర్ టేపు ఆపబోయాడు. "పాట ఆపొద్దు. సౌండు పెంచు" అన్నాడు వాడు. డ్రైవర్ పెంచాడు. పాట ముగిసేసరికి వాళ్ల పనీ ముగిసింది. అత్త ఏమీ చూడలేదు, పాట మాత్రం మొత్తం విన్నది.

ఈ సంగతులు మాకు ఒకేసారి తెలియలేదు. ఆమె వచ్చిన కొత్తలో మా టేపులో ఆ పాట మొదలయ్యేసరికి చేతిలోని సంగటి గిన్నె వదిలేసి, బియ్యం మూటల వెనక్కి వెళ్లి చెవులు మూసుకుని కూర్చుంది. నాన్న ఆమెను ఏమీ అడగలేదు. క్యాసెట్ మరలు విప్పి, ఆ పాట ఉన్నంత మేరా కత్తిరించి, రెండు కొసలూ సెల్లోటేపుతో అతికించాడు. ఒక వైపు కత్తిరిస్తే రెండో వైపూ తెగుతుందని అప్పుడాయనకు తట్టలేదో, తట్టినా పట్టించుకోలేదో. రెండో వైపున ఒక పాట సగంలో మాయమై ఇంకో పాట సగంలో తేలేది. ఆ రెండు ముక్కలూ కలిపి ఒకే పాటని నా నమ్మకం. బడి వార్షికోత్సవంలో పెళ్లిపాట పల్లవి అందుకుని, ఏడుపుపాట చరణంలో దిగి గంభీరంగా ముగించాను. హెడ్మాస్టరుతో సహా అందరూ నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు.

తర్వాత మామ ఊరి పెద్దమనుషులిద్దరూ ఒకే పార్టీలో చేరారు. ఒకే జీపులో మా వీధికి ఓట్లకు వచ్చి, దండాలు పెట్టి వెళ్లారు. చచ్చినవాళ్లు మాత్రం ఏ పార్టీలోకీ మారలేక ఉన్నచోటే ఉండిపోయారు. నాకు ఈనాటికీ ఆ జీపు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అరుగు మీద రెండు పాటలు అయ్యాయి. మూడోది మొదలైంది. మా క్యాసెట్లో లేని పాట ఇదేమిటా అనుకుంటుండగానే, నాన్న కత్తిరించిన పాట ఇదేనని తట్టింది. ఫోన్ అందుకున్నాను. తెర చీకటైపోయి ఉంది, కళ్లజోడు లోపలుంది, ఎక్కడ నొక్కాలో తెలియడం లేదు. అత్త నా మణికట్టు పట్టుకుంది. "ఉండనీ నాయనా" అంది. ఆ పట్టు సడలలేదు. చేట ఒళ్లో పెట్టుకుని, వీధి వైపు చూస్తూ విన్నది. పాట ముగిశాక నా చెయ్యి వదిలి, నిజంగా ఆశ్చర్యపోయినదానిలా అడిగింది.

"ఇంతేనా? అప్పుడే అయిపాయనా? ఆ పొద్దు శానాసేపు పాడింది గదప్పా."

లోపలికి వెళ్లి కళ్లజోడు తెచ్చుకుని చూశాను. ఫోన్‌లో ఆ పాట పక్కన నాలుగు నిమిషాలని ఉంది. అందరికీ అది నాలుగు నిమిషాలే కావచ్చు. ఆ బస్సులో కూర్చున్న మనిషికి మాత్రం అది ముగియడానికి ఒక జీవితకాలం పట్టింది.