మూడు సంతకాల సీసా

ఆషాఢం, మంగళవారం. బిందెలు ఆరు నింపాను, డబ్బాలు రెండు కట్టాను, దుప్పట్లు మూడు ఉతికాను. బియ్యం ఏరుతుంటే పక్కింటామె గోడ మీదుగా "టీచరమ్మ పోయిందంట" అంది. బియ్యం చేటలోనే ఉండిపోయాయి.

మీలో చాలామంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవారే. నాకు ఎదురింటి మనిషి. చాక్‌పీసు ముక్కలు కొంగున ముడేసుకొని కూరగాయలకు వెళ్లేవారు.

గుమ్మడిదల పక్కన మా ఊళ్లో మందుల ఫ్యాక్టరీ మురికి దిగి బోరు నీళ్లు పచ్చగా మారిన ఏడు, ఏ రోజు ఏ రంగో, ఏ వాసనో పాల లెక్క పుస్తకం వెనక రాసిపెట్టేదాన్ని. మా ఆయనకు కూడా చూపలేదు. ఆయన పని ఆ మందుల ఫ్యాక్టరీలోనే.

రైతులు గేటు మూయాలన్నారు. మూస్తే తినేదేమిటని కార్మికులు. టీచరమ్మ రెండు వైపులవాళ్లనూ, మేనేజరునూ, కాలుష్యం ఆఫీసరునూ బడికి పిలిచారు. ముందురోజు మా ఇంటికొచ్చారు.

"బోరు కాడ రోజూ ఏదో రాస్తవు గదా, ఆ బుక్కు ఇయ్యి."

"నా రాత మా ఆయన గుర్తుపడ్తడు టీచరమ్మా. బయటపడ్డదంటే నౌకరి పోతది."

"అయితే చదువు, నేను రాసుకుంట. తప్పు చదివితే గోడకుర్చీ ఏయిస్త!"

మర్నాడు పిల్లల బెంచీలోనే మేనేజరు మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. రైతుల అర్జీ ఆయన చేత, కార్మికులది ఒక రైతు చేత చదివించారు. "ఎవల బాధ వాళ్లే చదివితే కొట్లాటైతది" అన్నారు. తర్వాత నీళ్ల లెక్క తీశారు.

"ఇది ఎవరు రాశారు?" మేనేజరు అడిగాడు.

నా ముందు బెంచీలో మా ఆయన.

"రాత నాదే సార్. అడిగేదుంటే నన్నడుగుండ్రి" అన్నారు టీచరమ్మ.

చివరికి అందరూ ఒప్పుకున్నారు: ప్రతి సోమవారం ఒక సీసా నీళ్లు పట్టి, రైతు, కార్మికుడు, కంపెనీ మనిషి సంతకాలతో ఆఫీసరుకు పంపాలి. రంగు మారితే ఆ వారం ఫ్యాక్టరీ మురికినీళ్లు బయటికి వదలకూడదు.

గేటు మూతపడలేదు. కానీ బడికిచ్చే నోటుపుస్తకాలు కంపెనీ ఆపేసింది. "నీ లెక్కల వల్లనే" అని తల్లులు టీచరమ్మను అన్నారు. ఎదురింట్లో నేను తలుపు వేసుకున్నాను.

మా ఆయనకింకా రెండేళ్ల సర్వీసుంది. పేపరుకు పంపే ముందు ఇది ఆయనకు చదివి వినిపించాను. "పంపు. ఆమె పడ్డది చాలు" అన్నాడు.

నిన్నటి సీసా ఎప్పటిలాగే ఆమె కిటికీలోనే ఉంది, తీసుకెళ్లే ఆఫీసరు జీపు కోసం. మూడు సంతకాల వెనక నీళ్లు కదలకుండా ఉన్నాయి.

ఆ లెక్క రాసింది నేను. టీచరమ్మకు బాకీ ఉన్న మాట ఇదొక్కటే. చెల్లు.