రాజ్యలక్ష్మి గారు అప్పగించిన పాఠం

పక్క తరగతిలోంచి ట్యాబ్‌లో గుండె కొట్టుకునే చప్పుడు వినిపిస్తే, పాఠం చెబుతున్నదాన్ని ఒక్క క్షణం ఆగిపోతాను. రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు. చీమకుర్తి దగ్గరి బడిలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ సైన్సు టీచరు, నేను తెలుగు టీచర్ని. పుస్తకంలో బొమ్మకి ఎదురుగా ట్యాబ్ పట్టుకుంటే చాలు, తెరలో ఆ గుండె బల్ల మీదే నిలబడి కొట్టుకుంటున్నట్టు కనిపించేది. పిల్లలు ట్యాబ్ పట్టుకుని దాని చుట్టూ తిరిగేవారు. కాసేపటికే ఆవిడ ట్యాబ్ కట్టేసి, చూసింది చెయ్యమని తలా ఒక మట్టిముద్ద చేతిలో పెట్టేవారు.

"అంత సరదాగా చూస్తుంటే ఆపేశారేమండీ?" అని అడిగానొకసారి.

"చేత్తో చేస్తేనే కదమ్మా, ఎక్కడ సరిగా చూడలేదో వాళ్ళకి తెలిసేది," అన్నారు.

ఆ తరగతిలో సుమిత్ర అని ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. తండ్రి గ్రానైట్ క్వారీలో కూలీ. తెలుగు అర్థమయ్యేది గానీ నోరు విప్పేది కాదు. నేను ఎంత బతిమాలినా పెదవి కదిపేది కాదు. ఒకరోజు అందరూ మట్టితో గుండె ముందువైపు మాత్రమే చేసి ఊరుకుంటే, సుమిత్ర వెనకవైపు రక్తనాళాలు కూడా చేసింది. రాజ్యలక్ష్మి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వెనక్కెళ్ళి కూడా చూశావన్నమాట," అన్నారు. సుమిత్ర తలూపింది, అంతే.

కొన్నాళ్ళకు తండ్రి బడికి వచ్చాడు. "పిల్లని మానిపిస్తానండి. ఇంటికాడ తమ్ముడున్నాడు, చూసేవాళ్ళు లేరు," అన్నాడు, మధ్యమధ్య దగ్గుతూ. ఆవిడ వాదించలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, ఊపిరితిత్తుల బొమ్మ తెరిచి, ట్యాబ్ సుమిత్ర చేతికిచ్చారు.

"మీ నాన్నకి నువ్వే చెప్పమ్మా. మీ భాషలోనే చెప్పు."

సుమిత్ర ట్యాబ్ తండ్రి వైపు తిప్పింది. తర్వాత ఒడియాలో మొదలుపెట్టి ఇక ఆగలేదు. గాలి వెళ్ళే దారి వేలితో చూపించింది. తండ్రి కండువా మీది రాతిదుమ్ము దులిపి, అది ఎక్కడిదాకా పోతుందో చూపించింది. మాకు ఒక్క మాటా అర్థం కాలేదు. ఆ అమ్మాయి గొంతు నేను వినడం అదే మొదలు. తండ్రి కాసేపు ట్యాబ్‌లోకి చూశాడు, ఆ తర్వాత కూతురి మొహం మీంచి చూపు తిప్పుకోలేదు.

"ఇది తమ్ముణ్ణి కూడా బడికి తెచ్చుకోవచ్చా అండి?" అని అడిగాడు చివరికి.

"రేపట్నుంచే తీసుకురానివ్వండి. మీరు మాత్రం ముందు ఆ దగ్గు డాక్టరుకి చూపించుకోండి," అన్నారు రాజ్యలక్ష్మి గారు.

సుమిత్ర పదో తరగతి ఆ బడిలోనే పూర్తి చేసింది. ఆవిడ రిటైరయ్యారు. నేను ఇప్పటికీ తెలుగే చెబుతున్నాను. తరగతిలో ఏ పిల్లయినా నోరు విప్పకపోతే దగ్గర కూర్చుని, "ఇంట్లో మీ అమ్మకి ఎలా చెబుతావో అలాగే చెప్పు," అంటాను. అది నాకు రాని భాషైనా సరే, చివరిదాకా వింటాను.