ఇంగ్లీషు క్లాసులో కరువు

పొద్దున్నే నడకకు పోతే, కర్నూలు రోడ్డు పక్క బండి మీద రాగిజావ వాసన. ఆ వాసనకు నేను మళ్లీ పత్తికొండ బడిలో కూర్చుంటాను.

పంతొమ్మిది వందల యాభైల్లో వానలు లేని ఏడు. మా ఇంగ్లీషు సారు పాత పేపరు తెచ్చి అందులోని మాటలే నేర్పేవారు. ఆ రోజు మాట ఫామిన్, అంటే కరువు. వాక్యం చెప్పమంటే అందరికన్నా ముందు నేనే లేచినాను.

"దేర్ ఈజ్ నో ఫామిన్ ఇన్ అవర్ విలేజ్, సార్!"

"ఎట్ల చెప్తావమ్మా?"

"సర్కారోళ్లు దినామూ రాగిగంజి పోస్తాండారు కదా సార్. మాయమ్మ గూడా కడుపునిండా తాగుతాంది."

సారు వాక్యంలో తప్పు లేదన్నారు. పేపరు మడిచేసినారు.

మరుసటేడు వానలు పడినాయి, గంజి కేంద్రం ఎత్తేసినారు. మాయమ్మ ఉన్నది మాకు పెట్టి, మళ్లీ తనకు ఆకలి లేదనడం మొదలుపెట్టింది.