అక్కతోనే కలిసింది

చెల్లికి తలసేమియా అని డాక్టర్లు తేల్చేనాటికి దానికి ఏడాది కూడా నిండలేదు. నాకప్పుడు పదేళ్లు, అక్కకు పదమూడు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న సరుకులు మోసే డీసీఎం వ్యాను నడిపేవాడు, అమ్మ జాకెట్లు కుట్టేది. చెల్లి ఒంట్లో తయారయ్యే రక్తం దానికి నిలవదు. మూడు వారాలకోసారి మలక్‌పేటకు తీసుకెళ్లి బయటి రక్తం ఎక్కించాలి.

నాకు జ్వరమొస్తే బిళ్ల వేసి బడికి పంపేవాళ్లు. చెల్లి మొహం కాస్త పాలిపోతే ఇల్లంతా కదిలేది. దాని మీద నాకు కోపం ఉండేది కాదంటే అబద్ధమే. పదో తరగతి తర్వాత అక్క చదువు మానేసి, చెల్లిని దవాఖానకు తిప్పే పని మీద వేసుకుంది. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో చేరినా, రక్తం ఎక్కించే రోజు సెలవు పెట్టి తనే వెళ్లేది. నాకు మిగిలింది చదువొక్కటే. ఇంటికి ఏ కాగితం వచ్చినా చదవమని నాన్న నా చేతికే ఇచ్చేవాడు. ఆ ఒక్క గొప్ప నాకు చాలు అనుకునేదాన్ని.

ఇంటర్ అయ్యాక మెడిసిన్ ఎంట్రన్స్ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లోనే కోచింగ్‌లో చేరాను. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. వారంలో రెండు రోజులు బందే. క్లాసు జరిగిన రోజు కూడా కింద రోడ్డు మీద నినాదాలు వినిపిస్తూనే ఉండేవి. మా బోటనీ సారుది గుంటూరు వైపు. ఒకరోజు ఆయన బోర్డు మీద నాలుగు గళ్లు గీసి బఠాణీ మొక్కల పాఠం చెప్తుంటే, ఆ గళ్లలో నాకు మా ఇల్లు కనిపించింది. ప్రతి జన్యువూ మనలో జంటగా ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. అమ్మానాన్నలది మేనరికం. ఒకే తాత నుంచి వచ్చిన ఒక చెడ్డ ప్రతి ఇద్దరిలోనూ దాగి ఉంది. పక్కన మంచి ప్రతి ఉంది కాబట్టి వాళ్లకేమీ కాలేదు. చెల్లికి మాత్రం రెండు చెడ్డవీ వచ్చాయి.

క్లాసయ్యాక సారు దగ్గరికెళ్లి చెల్లి సంగతి చెప్పాను. ఆయన సుద్దముక్క కింద పెట్టి చాలాసేపు విన్నారు.

"మీ చెల్లికి ఎముక మజ్జ మార్పిడి గురించి ఎవరూ చెప్పలేదా అమ్మా? తోబుట్టువుల్లో ఎవరిదైనా కలిస్తే జబ్బే పోవచ్చు. నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మీరిద్దరున్నారు కదా, చూపించుకోండి" అన్నారు.

ఆ సాయంత్రం నోట్‌బుక్కులో గళ్లు గీసి నాన్నకు చెప్పాను. అమ్మ కుట్టు మిషను ఆపి వచ్చి కూర్చుంది. "బొక్కలల్లకెల్లి మూలుగ దీస్తరా? ఇచ్చినోళ్లకేం గాదా?" అని మూడుసార్లు అడిగింది. ఏం కాదని మూడుసార్లు చెప్పాను. ఇచ్చేది నేనే అని అప్పటికే మనసులో ఖాయమైపోయింది. నాదీ చెల్లిదీ బి పాజిటివ్, అక్కది ఓ. నేను కదా దానికి దగ్గర! మజ్జ కలవడానికీ బ్లడ్ గ్రూపుకూ సంబంధం లేదని చదివాక కూడా ఆ నమ్మకం పోలేదు.

ఒక పెద్ద దవాఖానలో ఇద్దరి రక్తమూ తీసుకున్నారు. రిపోర్టులు వచ్చిన రోజు డాక్టరమ్మ అక్క వైపు చూసి నవ్వింది. "పూర్తిగా కలిసింది. పైగా ఈ అమ్మాయిలో తలసేమియా జన్యువు అసలు లేదు." తర్వాత నా వైపు తిరిగింది. "నీది సగమే కలిసింది. నువ్వు క్యారియర్‌వి, అంటే ఒక చెడ్డ ప్రతి నీలోనూ ఉంది. నీకే ఇబ్బందీ లేదు, కానీ పెళ్లి చేసుకునే అతనికి మాత్రం పరీక్ష చేయించాలి."

నాన్న అక్క తల మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. పాఠం తెలిసింది నాకు, దారి కనిపెట్టింది నేను. ఆ చెయ్యి నా తల మీద ఉండాలనిపించింది. రెండు మంచి ప్రతులూ అక్కకే ఎందుకు రావాలి, చెల్లితో కలిసేదీ అక్కదే ఎందుకు కావాలి? అది చీట్లు తీసినట్టు జరుగుతుందనీ, ఎవరి గొప్పా ఉండదనీ తెలిసినదాన్నే. తెలిసి కూడా కడుపు మండింది.

ఇంటికొచ్చాక నాన్నతో అన్నాను: "ల్యాబులల్ల పేర్లు తారుమారైతుంటయి నాన్నా. ఇద్దరియి ఇంకోసారి చేపియ్యాలె, ఇంకో ల్యాబుల."

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అక్కది మార్పిడికి ముందు ఎలాగూ మళ్లీ చేస్తామనీ, నాది అక్కర్లేదనీ అంది. నాన్న మాత్రం, "మా బిడ్డ సదువుకున్నది మేడం, ఒక్కసారి సూడుండ్రి" అని బతిమాలాడు. నా మాట మీద ఆయనకంత నమ్మకం. చివరికి ఆవిడ సరేనంది. బందుల వల్ల ఆ రిపోర్టులు ఆలస్యమయ్యాయి. ఈలోగా మార్పిడి కోసం చెల్లికి ఇస్తామన్న గది ఇంకో పాపకు వెళ్లింది. రెండు నెలలు ఆగమన్నారు.

ఆ రెండు నెలల్లో ఒకసారి రక్తం ఎక్కించే రోజునే బంద్ పడింది. కోచింగ్ లేకపోవడంతో నేనూ వాళ్లతో బయల్దేరాను. నాన్న వ్యాను దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చి జనంలో ఆగిపోయింది. ముందు సీట్లో చెల్లి కాగితంలా తెల్లగా అయి, అక్క భుజం మీద వాలిపోయింది. నాన్న దిగి దండం పెట్టాడు. "పేషెంటున్నదన్నా, జర తొవ్వ ఇయ్యుండ్రి." జెండా పట్టుకున్న ఒకాయన లోపలికి తొంగి చూసి వెంటనే బైకు తెప్పించాడు. "వ్యాను పోదు. పాపను పట్టుకొని ఒక్కరు కూసోండ్రి" అన్నాడు.

నేను చేతులు చాపాను. చెల్లి అక్క మెడ వదల్లేదు. "పెద్దక్కనే రావాలె" అంది.

జనం రెండుగా చీలి దారిచ్చారు. బైకు వెళ్లిపోయింది. నేను రోడ్డు మధ్యలో నిలబడి చూస్తూ, నా వల్లే కదా ఇది ఇంకా రక్తం కోసం తిరుగుతోంది అని భయపడ్డాను. ఆ భయంలో కూడా, పెద్దక్కే ఎందుకు అనే మాట మెదులుతూనే ఉంది. రెండో రిపోర్టు కూడా మొదటిదాన్లాగే వచ్చింది.

దాతల సాయంతో మార్పిడి జరిగింది. అక్కకు రెండు రోజులు నడుం నొప్పి అన్నారు, అంతే. చెల్లి నెల రోజులు గాజు తలుపు వెనక ఉంది. జుట్టంతా ఊడింది, జ్వరాలొచ్చాయి, తగ్గాయి. బయటికొచ్చిన కొన్నాళ్లకు రక్తం ఎక్కించే అవసరం తప్పింది. ఏడాది దగ్గరపడుతుండగా చేసిన పరీక్షలో దాని గ్రూపు ఓ పాజిటివ్ అని వచ్చింది. దాని ఎముకల్లో ఇప్పుడు రక్తం పుట్టిస్తున్నవి అక్క కణాలు కదా. చెల్లి ఆ కాగితం ఊపుకుంటూ అక్క దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దక్కా, నాది నీ రక్తమే ఇగ!"

దానితో నాకున్న ఆ ఒక్క పోలికా పోయింది. ఆ మధ్యాహ్నం అక్కతో పాటు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే నోరు జారింది. "అన్నీ నీకే దొరుకుతయి" అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. రెండో పరీక్ష ఎందుకు చేయించానో మొత్తం చెప్పేశాను. ల్యాబు మీద అనుమానం కాదనీ, నా పేరు రావాలనే ఆశ అనీ.

అక్క తడి చున్నీ దులిపి తాడు మీద వేసింది.

"నాకు ఎర్కే" అంది. "రెండోపారి సూది దెచ్చిన పిల్ల పేరు పిలువకముందే చెయ్యి జాపినవు. అప్పుడే సమజైంది."

"మరి నాన్నకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏమొస్తది? దానికేమన్న అయ్యుంటె మాత్రం నిన్ను జన్మల మాట్లాడియ్యకపోతుంటి." ఆ మాట అంటున్నప్పుడు అక్క నా వైపు చూడలేదు. ఇంకో బట్ట పిండుతూ అంది: "నువ్వు పుస్తకాల సంచి ఏసుకొని కోచింగ్‌కు పోతుంటె దుకాణంలకెల్లి రోజూ సూస్తుంటి. నాకు మంచిగనిపిస్తుండెననుకున్నవా?"

ఇద్దరం మిగిలిన బట్టలు ఆరేశాం.

నాకు మెడిసిన్ సీటు రాలేదు. జన్యుశాస్త్రం చదివి, ఇప్పుడు ఒక ల్యాబులో పెళ్లికి ముందు జంటలకు చేసే రక్తపరీక్షలు చూస్తున్నాను. నా పెళ్లికి ముందు మా ఆయనకు కూడా పరీక్ష చేయించాను. తను క్యారియర్ కాదు. చెల్లి డిగ్రీ చదువుతోంది. తనకేమైనా చెప్పుకోవాలనిపిస్తే ఇప్పటికీ ముందు ఫోను చేసేది అక్కకే. అక్క ద్వారా ఆ సంగతి నాకు తెలిసినప్పుడల్లా కొంచెం గుచ్చుకుంటుంది. ఆ మాట అక్కతో చెప్తాను. అక్క నవ్వుతుంది.