మునిరత్నమ్మ మూడు వేళ్లు

1984లో తమిళనాడులోని ధర్మపురి బస్టాండుకు దగ్గర్లో, ఒక ఎరువుల అంగడి మేడ మీద నా పళ్ల క్లినిక్ ఉండేది. ఒకే గది, ఒకే కుర్చీ. కుర్చీ పైకి లేవాలంటే నేను కాలితో పెడలు తొక్కాలి. కరెంటు పోతే డ్రిల్లు ఆగిపోయేది గానీ నా నోరు ఆగేది కాదు. మాది చిత్తూరు వైపు. తమిళం నేర్చుకున్నానని నేననుకునేవాణ్ణి. నా అసిస్టెంటు సరోజ మాత్రం నేను తమిళంలో నోరు విప్పితే చాలు, అటు తిరిగి నవ్వుకునేది. అందుకే చుట్టుపక్కల పల్లెల్లో తరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్లు ఎవరైనా మెట్లెక్కి వస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. వాళ్లతో కబుర్లలో పడితే గడియారం చూసేవాణ్ణి కాదు. అంత మాట్లాడీ, వినవలసింది వినకుండా పోయిన కేసు ఒకటుంది.

సోగత్తూరు నుంచి మునిరత్నమ్మ అనే ఆవిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. విత్తనాల కోసం వేరుశనక్కాయలు ఒలిచే ముఠాలో పని. మిషనులో వేస్తే గింజ పైపొర చిట్లి మొలక సరిగా రాదని, విత్తనాల కాయలు ఆడవాళ్లు కూర్చుని ఒక్కొక్కటిగా ఒలుస్తారు. కుడి దవడ నొప్పి, చెవిదాకా లాగుతోందని చెప్పింది.

"పొద్దున లేస్తానే నోరు పట్టేస్తాది సార్. మధ్యాన్నానికి కొంచెం వదుల్తాది. రొంబ నొప్పి. ఈ పక్క పళ్లన్నీ పీకేయండి, పీడ పోతాది."

పొద్దున బిగుసుకుంటుంది, మధ్యాహ్నానికి వదులుతుంది. జబ్బు పేరు తప్ప అంతా ఆ మాటలోనే ఉంది. నేను తలూపి, అద్దం చేతికి తీసుకున్నాను.

మా వృత్తిలో ఒక చిన్న పరీక్ష ఉంది. నోరు ఎంత తెరుచుకుంటుందో చూడడానికి రోగి తన మూడు వేళ్లను దగ్గరగా చేర్చి, నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోవాలి. మూడూ పడితే దవడ బాగున్నట్టు. ఎవరి నోటికి వాళ్ల వేళ్లే కొలత కాబట్టి రోగి వేళ్లే వాడాలి. అదే చేయమన్నాను. ఆవిడ చేతులు కొంగులోంచి బయటికి రాలేదు. పని నుంచి వచ్చినాను, మట్టి చేతులు సార్, అంది. సరేలే అని నా వేళ్లే పెట్టి చూశాను. రెండు పట్టాయి. గదిలో మూలన కొళాయి ఉంది, కడుక్కోమంటే సరిపోయేది కదా అని నా బుర్రకు తట్టలేదు.

పళ్లు చూస్తే పైభాగం అరిగి చదునుగా ఉన్నాయి. వక్కలు బాగా నములుతుందేమో అనుకున్నాను. అద్దం పిడితో ఒక్కో పన్ను మీదా తట్టుకుంటూ పోతే, కింది దవడలో కుడివైపు రెండో మోలార్ దగ్గర ఉలిక్కిపడింది. మోలార్ అంటే నమిలే పెద్ద దవడపన్ను. లోపల చీలిక ఉంది, అదే దొంగ అని తీర్మానించేశాను. మత్తు సూది వేసి పీకాను. పన్ను ట్రేలో పడ్డాక తిప్పి చూశాను. చీలిక లేదు, పుచ్చు లేదు. రెండు వేర్లతో గట్టి పన్ను.

"పురుగు ఉండాదా సార్?" అని మునిరత్నమ్మ నోటికి మత్తెక్కని పక్క నుంచి అడిగింది.

వేరు దగ్గర చెడిందమ్మా అన్నాను, ఆవిడ ముఖం చూడకుండా. సరోజ నా వంక చూసి, ట్రే తీసుకెళ్లింది.

పది రోజులకు మళ్లీ వచ్చింది. నొప్పి పోలేదు సరిగదా, ఎడమవైపు కూడా మొదలైంది. ఆ పక్కవీ పీకేయమంది. నెలలో కూతురి కాన్పు, మొదటి కాన్పు, పుట్టింట్లోనే. పుట్టిన బిడ్డకు కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయాల్సింది తనే. అంతలోపల ఈ నొప్పి తీరిపోవాలి. ఇదీ ఆవిడ తొందర. నాకు నా మీదే చచ్చేంత కోపం వచ్చింది, కానీ అరిచింది ఆవిడ మీద. పళ్లు పీకించుకోవడమంటే గోళ్లు తీయించుకోవడం అనుకున్నావా అని కేకలేశాను. నొప్పి మాత్రలిచ్చి, నమలకుండా మింగే తిండి తినమ్మా, సంగటి మంచిది అని సలహా చెప్పాను.

"ఇంట్లో మూడు పూటలా రాగి సంగటే సార్. దాన్ని ఎవురు నములుతారు? ఇది చెప్పేదానికి మేడెక్కి రావాల్నా?"

సరోజ పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మునిరత్నమ్మ కూడా నవ్వబోయి, నొప్పికి దవడ పట్టుకుంది. అప్పుడు కూడా ఆ చెయ్యి కొంగు చాటునే ఉంది.

మూడోసారి వచ్చినప్పుడు సంచెడు శనక్కాయలు తెచ్చింది. అరిచినాయన్ను మంచి చేసుకోవాలనుకుందో ఏమో. సరోజ ఒక కాయ తీసి వేళ్ల మధ్య నొక్కితే టప్పుమని విచ్చుకుంది. సార్‌కు నేను మంచిది ఏరిస్తాను ఉండమ్మా అంటూ మునిరత్నమ్మ కొంగు కప్పిన చేత్తోనే ఇంకో కాయ తీసి, అలవాటు కొద్దీ ఎడమవైపు పళ్ల మధ్య పెట్టుకుని కొరికింది. కొరికీ కొరకంగానే నొప్పికి కళ్లనిండా నీళ్లు వచ్చేశాయి.

"ఏందమ్మా ఇది? నీ దవడ కోసం నేనిక్కడ బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, నువ్వు దాంతో శనక్కాయలు పగలగొడతావా? చేతులు ఏమైనాయి?"

కోపంలో అనేసిన మాట అది. ఆవిడ తల వంచుకుంది. ఆ తర్వాత కొంగు కింద నుంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది.

మణికట్లు, వేళ్ల మొదళ్లు ఉబ్బి ఉన్నాయి. వేళ్లు చిటికెన వేలి వైపుకు ఒరగడం మొదలైంది. రెండేళ్లుగా ఇలాగే ఉందట. వాళ్ల ముఠాలో ఇంతకుముందు ఒకామెకు వేళ్లు వంకర పోతే అందరూ పెద్దరోగం అన్నారట. కుష్టును వాళ్లు అలాగే అంటారు. ఆమె ముట్టిన చెంబుతో ఎవరూ నీళ్లు తాగలేదు. చివరికి ఊరే వదిలి వెళ్లిపోయింది. అది చూసిన మునిరత్నమ్మ, వేళ్లతో కాయ నొక్కలేక, ముఠాలో మూలన గోడకేసి తిరిగి కూర్చుని, రోజంతా పళ్లతో ఒలుస్తూ వచ్చింది. పళ్లు అరిగింది వక్కలకు కాదు.

"పళ్లు పోతే ఎవురూ ఏమీ అనరు సార్. చేతులు చూస్తే నా బిడ్డే దాని బిడ్డను నాకు ఇయ్యదు."

నేను స్టూలు దగ్గరికి లాక్కుని ఆ చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను. కీళ్ల దగ్గర వేడిగా, మెత్తగా తగిలాయి. రెండు చేతులకూ ఒకేలా వాపు. కళ్లు మూసుకోమని చెప్పి, దూదిపోగుతో ఒకచోట, పళ్లు గుచ్చి చూసే ప్రోబు మొనతో ఇంకోచోట తాకుతూ పోయాను. ఎక్కడ తాకితే అక్కడ చెప్పింది, ఒక్కటీ తప్పలేదు. స్పర్శ ఇంత బాగుంటే ఇది పెద్దరోగంలా లేదమ్మా, అయినా పెద్ద డాక్టరుతో కూడా చెప్పిస్తాను అన్నాను. ఆవిడ కళ్లు తెరవలేదు. మళ్లీ ఒకసారి చూడండి సార్ అంది. మళ్లీ చూశాను. రెండేళ్లుగా ఆ చేతులను ఎవరూ ముట్టుకోలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

ఆ తర్వాత ఆవిడ చెవుల ముందు వేళ్లు పెట్టి, నోరు తెరిచి మూయమన్నాను. లోపల ఇసుక నలిగినట్టు గరగరలాడింది. అక్కడ ఉండేదాన్ని టి.ఎం. జాయింట్ అంటాం. అదీ మోకాలు, మోచెయ్యి లాంటి కీలే; పళ్ల డాక్టర్లం పళ్లు చూసే మైకంలో దాన్ని మరిచిపోతాం. అదే వీధిలో ఉన్న ఫిజీషియన్ మిత్రుడి దగ్గరికి చీటీ రాసి పంపాను. ఆయన మునిరత్నమ్మ ఒంటి మీద మచ్చలు ఉన్నాయేమో, నరాలు ఉబ్బాయేమో చూసి, సేలంలో రక్తపరీక్ష చేయించి, పెద్దరోగం కాదని ఖాయం చేశాడు. ఇది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, కీళ్లవాతం. చేతులకు వచ్చిందే దవడ కీలుకూ వచ్చింది, దాని మీద రోజూ శనక్కాయలు కొరికే భారం. మాత్రలు, వేడి కాపడం, పళ్లతో కాయ కొరకడం బంద్.

వెళ్లేముందు ఒక చీటీ రాసిమ్మంది. ఇంట్లో తెలుగు మాట్లాడినా తెలుగు చదివేవాళ్లు లేరు, కూతురికి తమిళం చదవను వస్తుంది. ఇది కీళ్ల వాపు, అంటుకోదు, బిడ్డను ఎత్తుకోవచ్చు, నీళ్లు పోయవచ్చు అని నా తమిళంలో రాశాను. సరోజ దాంట్లో తప్పులు దిద్దడానికే పావుగంట పట్టింది. కింద పళ్ల క్లినిక్ ముద్ర వేశాను. చేతులకు పళ్ల డాక్టరు ముద్రేమిటని మిత్రుడు ఎగతాళి చేశాడు గానీ, తర్వాత తనూ సంతకం పెట్టాడు. ఆ చీటీ చూసే ముఠా మేస్త్రి ఆవిడకు ఒలిచే పని మాన్పించి, గింజల్లో తాలు ఏరే పని ఇచ్చాడు.

ఆరు వారాలకు వచ్చి, నేను అడక్కుండానే కుర్చీలో కూర్చుని, తన మూడు వేళ్లు తనే నోట్లో పెట్టుకుని చూపించింది. వేళ్ల వంకర అలాగే ఉంది, వాపు తగ్గింది, మూడూ పట్టాయి. ఆ సంతోషంలో నేనింక దాచుకోలేకపోయాను. ఆవిడ చేతులు దాచినందుకు అంతగా అరిచినవాణ్ణి, నేను దాచినదాని సంగతేమిటి?

"అమ్మా, ఆ రోజు నేను పీకింది మంచి పన్ను. వేరు చెడలేదు. నేనే తప్పు చేసి, అబద్ధం చెప్పినాను."

ఆవిడ నాలుకతో ఆ సందును తడుముకుంది.

"నొప్పి పోలేదనే కదా సార్ మళ్లీ వచ్చినాను. రాకపోయుంటే ఈ చేతులు ఇంకా కొంగులోనే ఉండును," అంది. అయితే అంతటితో వదల్లేదు. మెట్లు దిగుతూ, మంచి పన్ను, ఎంత మంచి పన్ను అని కింద అంగడిదాకా వినిపించేట్టు అనుకుంటూ పోయింది. నేను ఆ మాటలు పడ్డాను. పడవలసినవే.

ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైన ఆ కుర్చీ పక్కన నిలబడ్డాను. ఎవరు వచ్చినా, నోరు తెరవండి అనేముందు చేతులు చూపించండి అనేవాణ్ణి. పళ్ల డాక్టరుకు చేతులెందుకని కొందరు అనుమానంగా చూసేవారు, చేతిజాతకం చెప్తాడేమోనని ఒకాయన ఉత్సాహపడ్డాడు కూడా. చూపించడానికి వెనకాడినవాళ్ల దగ్గర మాత్రం స్టూలు లాక్కుని కూర్చునేవాణ్ణి.

ఆ చీటీ రాసిన మరుసటి ఏడు విత్తనాల కాలానికి మునిరత్నమ్మ మనవణ్ణి చంకనేసుకుని మెట్లెక్కింది. పుట్టినప్పటి నుంచి నీళ్లు పోసింది తనేనట, వేడి మోచేత్తో చూసుకుని. వాడి కింది చిగుళ్లలో రెండు పళ్లు, బియ్యపు గింజలంత, అప్పుడే తొంగి చూస్తున్నాయి. ఏదిరా చూపించు అంటూ నేను చెయ్యి చాచానో లేదో, ఆవిడ తన వంకర వేళ్ల చేతిని వాడి నోటికి అడ్డం పెట్టింది.

"ఇవి రెండూ మంచి పళ్లే సార్. దూరం నుంచి చూడండి."