మూడు కొటేషన్ల పద్ధతి

ఆదివారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు మా బావమరిది బండి గేటు ముందు ఆగింది. టైము ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం, ఆ రోజు తొమ్మిదింటి నుంచి నేను గడియారం చూస్తూ కూర్చోవడమే. నా భార్య పోయి అప్పటికి ఐదు నెలలు. నాచారంలో మేం అద్దెకున్న రెండు గదుల్లో నేనొక్కడినే ఉంటున్నాను. కంపెనీకి వెళ్లే ఆరు రోజులూ ఎలాగో గడిచేవి. ఆదివారం గడిచేది కాదు. పుస్తకం తెరిస్తే మధ్యాహ్నం దాకా అదే పేజీ.

ఇది తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు మాట. మా బావమరిదికి అప్పుడు ఇరవై ఐదేళ్లు. ఉప్పల్‌లో తల్లిదండ్రుల దగ్గర ఉంటూ చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పని చేసేవాడు. షిఫ్టు దిగాక ఉప్పల్ చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుని కార్ల పందేలు, తుపాకుల ఆటలు ఆడేవాడు. అంతకు ముందు ఆదివారం కూడా వచ్చాడు. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. చాయ్ తాగడం అయిపోయాక, లేవబోతూ, కంప్యూటర్ కొనమన్నాడు.

"మంచి గేములు నడిచేటట్టు పార్టులు తీసుకొని జోడిద్దం బావ. నాకు ఆడుకోనీకి అయితది, నీకు జర పొద్దు పోతది."

ఒప్పుకున్నాను. ఆటల మీద నాకు ఆసక్తి లేదు. ఫ్రిజ్ కొందామని నేనూ నా భార్యా కలిసి దాచిన ఇరవై ఐదు వేలు బ్యాంకులో ఉన్నాయి. ఒక్కడికి ఫ్రిజ్ ఎందుకు అనుకున్నాను.

అలా ఈ ఆదివారం అతను మొదటి కొటేషన్ తీసుకుని వచ్చాడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే బజారులో ఒక దుకాణదారు చేత్తో రాసిచ్చిన అరకాగితం అది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్, పదిహేడు అంగుళాల మానిటర్. ఒక్కోదాని పక్కన ధర. అడుగున, ఈ రేట్లు ఈ ఒక్క రోజుకే అని రబ్బరు స్టాంపు.

కంప్యూటర్ గురించి నాకేమీ తెలియదు కానీ కొటేషన్ల గురించి తెలుసు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక పంపుల కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తాను. బేరింగ్ కొన్నా, చీపురు కొన్నా, మా దగ్గర మూడు కొటేషన్లు ఉండాలి. మూడింటినీ ఒక పట్టికలో పక్కపక్కన రాయాలి. దాన్ని చూసి పెద్దసారు సంతకం పెట్టాలి. ఇరవై పైసల వాషర్ కోసం మూడు దుకాణాల వాళ్లతో కాగితాలు రాయించిన మనిషిని నేను. అందుకని అతను తెచ్చిన కాగితం చూసి, ఇంకా రెండు కావాలన్నాను.

అతను నా ముఖం వైపు చూశాడు. వేళాకోళం కాదని తెలిశాక నవ్వాడు.

"కంపెనీకి బేరింగులు కొంటున్నమా బావ? ఇగ టెండర్ గూడ పిలుద్దం. పేపర్ల యెయ్యి."

ఆ ఇంట్లో ఐదు నెలల తర్వాత మొదటిసారి ఒక మనిషి నవ్వాడు. నేను కూడా నవ్వాను. వచ్చేవారం ఇంకో రెండు తెస్తానని వెళ్లిపోయాడు.

తెచ్చాడు. శనివారం షిఫ్టు దిగి సికింద్రాబాద్ వెళ్లి, మూడు దుకాణాలు తిరిగి, మూడు కాగితాలతో ఆదివారం వచ్చాడు. నేను స్కేలుతో గీతలు కొట్టి పట్టిక వేసి ఉంచాను. ఇద్దరం చాప మీద కూర్చుని రాశాం. ఒక దగ్గర ర్యామ్ చవక, ఇంకో దగ్గర మానిటర్ చవక. మూడింటిలో ఏదీ ఇరవై ఐదు వేల లోపల లేదు. అతను గ్రాఫిక్స్ కార్డు తగ్గించనన్నాడు. అది లేకపోతే ఆటలో కారు ఆగి ఆగి పోతుందట. మానిటర్ పదిహేను అంగుళాలది చాలన్నాను. కార్డు మంచిది పెట్టి చిన్న తెర ఎందుకన్నాడు. మధ్యాహ్నం మూడు దాటింది. తిననే లేదని ఎవరికీ గుర్తులేదు.

ఆ బజారు ఆదివారం మూసి ఉంటుంది. సోమవారం అతనికి ఫ్యాక్టరీ, నాకు కంపెనీ. మళ్లీ శనివారం వెళ్లేసరికి ధరలు మారిపోయేవి. మా కంపెనీకి వచ్చే కొటేషన్ ముప్పై రోజులు నిలబడుతుంది. ఈ కాగితాలు మర్నాటికే పనికిరావు. అంటే శనివారం మూడు కాగితాలు తెచ్చి ఆదివారం పట్టిక వేసినంత కాలం ఆ కంప్యూటర్ కొనడం ఎప్పటికీ జరగదు. ఈ సంగతి నాకు మూడో వారానికే అర్థమైంది. అతనికి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో రాస్తాను. మాకు పిల్లలు లేరు. ఉంటే అమ్మమ్మ ఇంటికని, మేనమామ ఇంటికని రాకపోకలు ఉండేవి. మా అత్త, తన కూతురు లేని ఆ ఇంట్లో అడుగు పెట్టలేనని చెప్పిందట. మామ మాట తక్కువ మనిషి. నా వైపు వాళ్లు జనగామ దగ్గర ఊళ్లో ఉన్నారు, మళ్లీ పెళ్లి మాట ఎత్తడానికి తప్ప ఫోన్ చేయరు. నా భార్యను నాలాగే ఎరిగినవాళ్లలో నా గడప దాటి లోపలికి వచ్చేవాడు ఇతనొక్కడే. కంప్యూటర్ కొనడం అయిపోతే అతనికి ఇక్కడ పనేముంటుంది? నా భయం ఇదే. దీన్ని ఎవరితోనూ అనలేదు.

అందుకని చదవడం మొదలుపెట్టాను. సెలవు అడిగి కోఠీ వెళ్లి, ఫుట్‌పాత్ మీద పాత కంప్యూటర్ పత్రికలు తెచ్చుకున్నాను. చదవడం నాకు చేతనయిన పని. నెల తిరిగేసరికి ఏ కార్డుకు ఏ బోర్డు కావాలో నాకు అతని కన్నా బాగా తెలిసింది. ఒక కొటేషన్‌లో రాసిన బోర్డుకు, అదే కాగితంలో రాసిన గ్రాఫిక్స్ కార్డు గుచ్చే స్లాటే లేదని నేనే పట్టుకున్నాను. కార్డు కొత్త రకం, బోర్డు పాత రకం. కొని ఉంటే ఆ కార్డు డబ్బాలోనే ఉండిపోయేది. అతను రెండు పత్రికలు పక్కపక్కన పెట్టుకుని చూసి, ఔనన్నాడు. నువ్వు చదువుకున్నోడివి బావ, అన్నాడు. ఆ మెప్పు నిజాయితీగా సంపాదించినదే. దాన్ని వాడుకున్న తీరు అంత నిజాయితీ కాదు. ఆ రోజు నుంచి ప్రతివారం ఏదో ఒక తప్పు వెతికి పెట్టేవాణ్ణి. క్యాబినెట్‌తో వచ్చే పవర్ సప్లై ఈ కార్డును లాగదేమో అనేవాణ్ణి. వచ్చే నెల ర్యామ్ ధర పడుతుందట, అనేవాణ్ణి. కొన్ని నిజాలు, కొన్ని కావు. అతను నమ్మి, కొట్టేసి, మళ్లీ కొత్తగా రాసుకునేవాడు.

అలా పదకొండు ఆదివారాలు గడిచాయి. మేం ఒక్కసారి కూడా ఆమె మాట ఎత్తలేదు. ఎత్తకుండా కూర్చోవడానికి మా మధ్య ఒక కాగితం ఉండేది.

పన్నెండో వారం, శనివారం సగం రోజు సెలవు పెట్టి నేను కూడా అతని బండి మీద సికింద్రాబాద్ వెళ్లాను. రెండు దుకాణాల్లో కాగితాలు రాయించుకుని మూడోదానిలోకి వెళ్లాం. దుకాణదారు మా బావమరిదిని గుర్తుపట్టాడు. నేను బోర్డు గురించి, కార్డు గురించి అడిగినవన్నీ ఓపికగా చెప్పాడు. అన్నీ అయ్యాక, ఇంకో రకం బోర్డుతో మళ్లీ రాసిమ్మన్నాను. అతను పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సార్, ఏమనుకోకున్రి. మీరు కొననీకి అస్తలేరు. ఈ తమ్ముని ఊకె తిప్పుతున్రు, అంతే."

కోపంగా అనలేదు. మా బావమరిది కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. తార్నాక దాటాం. హబ్సిగూడ దగ్గర ఒక హోటల్ ముందు బండి ఆపి, రెండు చాయ్‌లు చెప్పాడు. నిలబడే తాగాం. గ్లాసు సగం అయ్యాక అన్నాడు.

"నేనచ్చేది కంప్యూటర్ కోసం గాదు బావ. మా అక్క ఇల్లు అని అస్త. నువ్వు ఊకె లిస్టు మార్వకు."

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. కార్డు, బోర్డు గొడవ అయిన వారం నుంచే అనుమానమని చెప్పాడు. అయినా ప్రతి శనివారం మూడు దుకాణాలు తిరిగాడు. నాకు సిగ్గేసింది. గ్లాసు కింద పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. అతనే డబ్బులిచ్చి బండి తీశాడు.

ఆ వచ్చిన సోమవారం ఇద్దరం సెలవు పెట్టి, ఒకే దుకాణంలో, ఒకే కొటేషన్ మీద అన్నీ కొన్నాం. అనుకున్నదానికి ఆరు వందలు ఎక్కువైంది, అతను వేసుకున్నాడు. చివరికి క్యాబినెట్ మిగిలింది. నల్లవి అప్పుడే కొత్తగా వస్తున్నాయి. ఆటలాడేవాళ్లు అవే తీసుకుంటున్నారని దుకాణదారు ఒకటి దించాడు. మా బావమరిది దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"వద్దు. తెల్లదియ్యి. అక్కకు నలుపు మంచిగనిపియ్యకపోయేది."

ఆ పన్నెండు వారాల్లో ఆమె ఇష్టం గురించి మేం అనుకున్నది ఇది ఒక్కటే. దుకాణదారు తెల్లది తీసిచ్చాడు.

ఆ సాయంత్రమే చాప మీద అన్నీ పరిచి అతను బిగించాడు. నేను పత్రికలో చదివింది చెబుతుంటే అతను స్క్రూలు తిప్పాడు. మొదటిసారికే నడిచింది. కార్ల ఆట ఎక్కించి నా చేతులు కీబోర్డు మీద పెట్టించాడు. నేను నడిపిన కారు రోడ్డు దిగి గోడకు గుద్దుకుంది. అతను బాగా ఆడాడు.

అక్క ఇల్లని వస్తానన్న మాట అతను తప్పలేదు. చాలా నెలలు ప్రతి ఆదివారం వచ్చాడు. అయితే నేను ఊహించని సంగతి ఒకటి జరిగింది. కొనక ముందు ఇద్దరం ఒకే కాగితం మీదికి వంగి ఉండేవాళ్లం. కొన్నాక అతను తెర వైపు చూసేవాడు, నేను అతని వీపు వైపు చూసేవాణ్ణి. కొత్త ఆట వేసినప్పుడు చూడు బావ అనేవాడు. చూసేవాణ్ణి. బాగుందనేవాణ్ణి. తర్వాత నేను పుస్తకం తెచ్చుకుని వెనుక కూర్చోవడం అలవాటైంది. ఒక గదిలో ఇద్దరు మనుషులం ఉన్నాం, అది తక్కువేం కాదు. కానీ వారం మధ్యలో నేను ఎదురుచూసింది అది కాదు.

తర్వాత అతనికి షిఫ్టులు మారాయి. రెండు వారాలకు ఒకసారి అయింది. పెళ్లయింది. పెళ్లిలో మా అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించింది. కోడలు వచ్చాక వాళ్ల ఆదివారాలు వాళ్లవి. పిల్లలు పుట్టారు. తెలంగాణ వచ్చిన ఏడాది అన్నోజిగూడలో ప్లాటులో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు. గృహప్రవేశానికి వెళ్లాను. గదులన్నీ తిప్పి చూపించాడు. ఈ టైల్స్ తనూ భార్యా కలిసి మూడు దుకాణాలు తిరిగి ఎంచారని చెప్పాడు.

మా మధ్య తగాదా ఏమీ లేదు. పండుగలకు ఫోన్ చేస్తాడు, ఆరోగ్యం అడుగుతాడు. తప్పు వెతికితే నా దగ్గర కొంత దొరుకుతుంది, అతని దగ్గర దొరకదు. ఆ కంప్యూటర్ ఆరేళ్లు పని చేసింది. ఒక్కడినే ఉన్నప్పుడు నేను అందులో ఏ ఆటా ఆడలేదు. ఉత్తరాలు టైపు చేసుకున్నాను, కంపెనీ లెక్కలు చూసుకున్నాను.

మేమిద్దరం ఇప్పుడు కలిసి ఏమీ కొనం.