ప్రసాదు చెప్పిన చోట మేకు

ఎవరైనా దెయ్యాల సంగతి ఎత్తితే, ఎంతమంది చూశారు, ఏ తేదీన చూశారు అని ముందు అడిగే మనిషిని నేను. ఖనిజాల కోసం ఎక్కడ డ్రిల్లింగ్ చేయాలో గణాంకాలతో తేల్చడం నా ఉద్యోగం. రిటైరై నూజివీడులో స్థిరపడినా ఆ స్వభావం పోలేదు. ఇది కూడా చూసింది చూసినట్టే రాస్తున్నాను.

మా తమ్ముడు ప్రసాదుకి విస్సన్నపేట దగ్గర మామిడి తోట ఉండేది. ఒకసారి మొక్క నాటడానికి గొయ్యి తవ్వుతుంటే బరువైన నల్లరాయి దొరికింది. కింద క్రోమైటు ఖనిజం ఉందని వాడి నమ్మకం. ఊళ్లో "నల్లరాయి జమీందారుగారు" అని ఏడిపించేవాళ్లు. ఒక్క రాయితో ఏమీ తేలదు, వాగు తెచ్చి పడేసి ఉంటుంది అన్నాను నేను. నా మాట విని వాడు ఇంకా లోతుకి తవ్వించడం మానేశాడు.

వాడు పోయాక ఆ గోతిలో నాటిన చెట్టూ ఎండిపోయింది. నేల దున్నేశారు. ఆ చోటు గుర్తున్నది నాకూ, వాడి భార్య సుగుణకూ మాత్రమే.

పోయిన వేసవిలో కాయ కోతలయ్యాక ఒక కంపెనీ ఆ తోటల్లో డ్రిల్లింగ్ మొదలుపెట్టింది. జియాలజిస్టు కిరణ్ ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. వేసిన బోర్లన్నీ ఖాళీ. ఇంకొక్కటే మిగిలింది, అది సుగుణ తోటలో. ఎక్కడ వేయాలో చెప్పమని నన్ను అడిగాడు. పాత ఫలితాలన్నీ పెట్టి లెక్క కట్టి, అవకాశం ఎక్కువ కనిపించిన తూర్పు గట్టు దగ్గర గుర్తుగా ఇనప మేకు కొట్టించాను.

"ఆయన చెప్పిన చోట వెయ్యకూడదా వదినా? ఉందో లేదో తెలిస్తే చాలు," అంది సుగుణ.

అక్కడ అవకాశం తక్కువ అన్నాను.

మర్నాడు మేకు ప్రసాదు గొయ్యి తవ్విన చోట ఉంది. సుగుణ పనే అనుకున్నాను. మళ్లీ తూర్పున కొట్టించి, గేటుకి నేనే తాళం వేసి, సుగుణని నాతో నూజివీడు తీసుకొచ్చాను. పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్లాం. తాళం వేసినట్టే ఉంది. మేకు మాత్రం ప్రసాదు చోట. ఎండకి బిగిసిపోయిన నేల, సమ్మెట లేకుండా దిగదు. తూర్పున మేకు పీకిన గుంట కూడా లేదు.

సుగుణ ఆ మేకుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. బోరు వేసే ముందు మా వైపు అందరూ చేసే పూజే. పూజయ్యాక మేకు కదపరు. డ్రిల్లరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడే వేసేద్దామండీ మేడమ్," అన్నాడు కిరణ్.

"మేకు ఎక్కడికి పోతే అక్కడ వేసేదానికి లెక్కలెందుకు?" అన్నాను.

ఎవరూ ముందుకి రాకపోతే నేనే పీకాను. ఇద్దరు పట్టి లాగినా రాకూడని మేకు, పట్టుకున్నవాళ్లు వదిలేసినట్టు నా చేతిలోకి వచ్చేసింది.

తూర్పున బోరు వేస్తే కిందిదాకా మామూలు రాయే. కంపెనీ సామాను సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ లెక్క తర్వాత చాలాసార్లు వేసి చూశాను. తప్పు దొరకలేదు. సుగుణ నన్ను ఒక్క మాట అనలేదు. ఈ మధ్య తోట అమ్మేసింది. కొన్నవాళ్లు ఆ చోట సిమెంటు పోసి కాయలు గ్రేడింగ్ చేసే షెడ్డు కట్టారు.

దాని కింద ఏముందో నాకు తెలియదు. మేకు అక్కడికి ఎలా వెళ్లిందో అంతకన్నా తెలియదు.